మూడు పురాలు ఒక్క వరసలోకి వచ్చినప్పుడు

మ్యాపు మీద శంషాబాద్ నుంచి చెన్నైకి స్కేలు పెట్టి గీత గీస్తే అది నల్లమల దాటి కంభం చెరువుకు దాపుగా పోతుంది. విమానాలు అచ్చంగా ఆ గీత మీదే పోవు గానీ, ఆ చుట్టుపక్కల ఆకాశంలోనే ఎక్కడో పోతుంటాయి. మే నెల మిట్టమధ్యాహ్నం గిద్దలూరు బస్టాండులో 44 డిగ్రీల ఎండకు జనం నెత్తిన తువ్వాళ్ళు వేసుకుని నీడ వెతుక్కుంటుంటే, పది కిలోమీటర్ల పైన సున్నాకు దాదాపు 30 డిగ్రీలు కిందున్న చలిలో ఒక విమానం రెక్కల నిండా కిరసనాయిలు మోసుకుంటూ పోతుంటుంది.

అవును, కిరసనాయిలే. జెట్ ఇంధనం అనగానే ఏదో మహా రసాయనం అనుకుంటారు గానీ, ఒకప్పుడు రేషన్ షాపులో నీలం రంగు కలిపి పోసిన నూనెకు అది దగ్గరి చుట్టం. శుద్ధి ఎక్కువ, పరీక్షలు ఎక్కువ, నీటి మీదా మలినం మీదా పెట్టిన హద్దులు గట్టివి. చెన్నై విమానానికి ఈ చలితో పేచీ లేదు. గంటలోపు ప్రయాణంలో టన్నుల కొద్దీ నూనె చల్లబడటానికి వ్యవధి చాలదు. మార్కాపురం, కంభం పిల్లలు అమెరికా చదువులకు ఎక్కే విమానాల సంగతి వేరు. పది, పదిహేను గంటలు ఆ చలిలో ఉంటే రెక్కల్లోని ఇంధనం తన గుణాలు మార్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ మార్పు వెనక తత్త్వశాస్త్రంలో రెండు వేల ఏళ్ళుగా నలుగుతున్న ఒక ప్రశ్న ఉంది: కొత్తగా పుట్టుకొచ్చినట్టు కనిపించేది నిజంగా అప్పుడే పుట్టిందా, ముందునుంచీ ఉన్నదా?

ముందు నూనె సంగతి. ధనుర్మాసపు పొద్దున కొబ్బరినూనె సీసాను చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా బోధపడుతుంది. మొదట అంచుల వెంట తెల్లటి మసక కడుతుంది, తర్వాత అడుగున పేరుకుంటుంది, చివరికి సీసా తలకిందులు చేసినా జారదు. జెట్ ఇంధనం కూడా ఒక్కసారిగా గడ్డకట్టదు. అందులో వందల రకాల హైడ్రోకార్బన్లు కలిసి ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుంది. వంకర లేని పొడుగాటి అణువులు అన్నిటికంటే ముందు మైనపు స్ఫటికాలుగా విడివడతాయి. అందుకే దీని ఘనీభవన స్థానాన్ని ప్రయోగశాలలో వెనక నుంచి కొలుస్తారు. స్ఫటికాలు కనిపించేదాకా చల్లార్చి, ఆ తర్వాత మెల్లమెల్లగా వేడెక్కిస్తూ, చివరి స్ఫటికం మాయమైన చోట అంకె రాసుకుంటారు. ప్రపంచంలో ఎక్కువ చోట్ల పోసే జెట్ ఏ-1కు ఆ అంకె −47 డిగ్రీలు గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉండాలి. అమెరికాలో వాడే జెట్ ఏకు −40 అయితే చాలు.

గడ్డకట్టడానికి చాలా ముందే మిగతా మార్పులు వస్తాయి. నూనె ముడుచుకుంటుంది. 45 డిగ్రీల్లో వెయ్యి లీటర్లున్నది −35కు చేరేసరికి దాదాపు 930 లీటర్లే అవుతుంది. బరువు మాత్రం మారదు, అందుకే పైలట్లు ఇంధనాన్ని లీటర్లలో కాక కిలోల్లో లెక్కపెట్టుకుంటారు. నూనె చిక్కబడుతుంది కూడా, పంపులకు లాగడం కష్టమవుతుంది. −20 దగ్గర ఈ చిక్కదనం 8 సెంటిస్టోక్స్ దాటకూడదని నియమం. ఇంకో తమాషా ఉంది. జెట్ ఏ-1 ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత 38 డిగ్రీలకు తగ్గకూడదంటారు. మార్కాపురం ఎండ ఆ 38ని మార్చి నెలలోనే పలకరిస్తుంది. అంటే ఈ నూనెకు నేల మీద ఉన్నంతసేపూ నిప్పు భయం, పైకి పోయాక గడ్డ భయం.

పైలట్లు ఈ రెండో భయాన్ని కనిపెట్టుకునే ఉంటారు. ట్యాంకులోని నూనె తన ఘనీభవన స్థానానికి మూడు డిగ్రీల దూరంలోకి రాకుండా చూసుకోవాలన్నది బోయింగ్ వాళ్ళ లెక్క. దగ్గరికొస్తే కిందికి దిగి కాస్త వెచ్చటి గాలి చూసుకుంటారు, లేదా వేగం పెంచుతారు. వేగానికి ఎదురుగాలి నొక్కుకుని వేడెక్కుతుంది, ఆ వేడి రెక్కకు తగులుతుంది. ఇదంతా కళ్ళెదుట మీటరులో కనిపించే చలి. కనిపించనిది ఇంకొకటుంది.

అది నీళ్ళు. నూనె, నీరు కలవవంటారు గానీ పూర్తిగా నిజం కాదు. ఎంత శుభ్రమైన జెట్ ఇంధనంలోనైనా పది లక్షల పాళ్ళలో కొన్ని పదుల పాళ్ళు నీరు కరిగి ఉంటుంది. చూస్తే నూనె తేటగా, మెరుస్తూనే ఉంటుంది. వడపోతకు దొరకదు, కంటికి ఆనదు. నూనె చల్లబడిన కొద్దీ నీటిని పట్టుకునే శక్తి తగ్గుతుంది. అప్పుడు నీరు సన్నటి తుంపరగా బయటపడి, మంచు పొడిగా మారుతుంది. ట్యాంకులో ఎవరూ నీళ్ళు పోయలేదు. అయినా మంచు వస్తుంది.

2008 జనవరి 17న బీజింగ్ నుంచి లండన్ హీత్రూకు వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 38వ నంబరు విమానానికి జరిగింది ఇదే. బోయింగ్ 777. సిబ్బందితో కలిపి 152 మంది. మంగోలియా, సైబీరియాల మీదుగా వచ్చింది. ఆ దారిలో ఒక దశలో బయటి గాలి −76 డిగ్రీలకు పడిపోయింది. రెక్కల్లోని నూనె −34 దాకా చల్లబడింది. అదేమంత ప్రమాదకరమైన అంకె కాదు, ఆ నూనె −57 దాకా గడ్డకట్టదని తర్వాత పరీక్షల్లో తేలింది. ప్రయాణమంతా సాఫీగానే సాగింది. రన్‌వే కళ్ళముందుంది. నేలకు 720 అడుగుల ఎత్తులో కంప్యూటరు ఇంజిన్లను కాస్త ఎక్కువ శక్తి ఇమ్మని అడిగింది. కుడి ఇంజిన్ ముందు వెనక్కి తగ్గింది. ఏడు సెకన్లకు ఎడమది కూడా తగ్గింది. ట్యాంకుల్లో ఇంకా పది టన్నుల పైచిలుకు ఇంధనం ఉంది, ఇంజిన్లకు మాత్రం అందడం లేదు.

కో-పైలట్ జాన్ కవర్డ్ విమానం నడుపుతుంటే కెప్టెన్ పీటర్ బర్కిల్ ఫ్లాప్స్‌ను 30 నుంచి 25కు తగ్గించాడు. దాని వల్ల విమానం మరో 50 మీటర్లు ముందుకు సాగింది, లేకపోతే దారిలోని యాంటెన్నా కట్టడాల మీదే పడేది. రన్‌వేకు 330 మీటర్ల ఇవతల గడ్డి మీద కూలబడింది. 47 మందికి దెబ్బలు తగిలాయి, ఒకరికి తీవ్రంగా. ఒక్క ప్రాణమూ పోలేదు. మన దగ్గరైతే అందరికీ భూమ్మీద నూకలున్నాయి అనేవాళ్ళు. ఆ మాట అనేసి లేచిపోవచ్చు. బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం మాత్రం రెండేళ్ళు కూర్చుని 2010 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది.

ఆ నివేదికలో మనసుకు పట్టుకునే అంకెలు పెద్దవి కావు, చిన్నవి. బీజింగ్‌లో నింపిన 71 టన్నుల నూనెలో కరిగి ఉన్న నీరు మహా అయితే మూడు లీటర్లు. కరగకుండా తుంపరగా ఉన్నది ఎక్కువలో ఎక్కువ రెండు లీటర్లు. బిందె అడుగున మిగిలే నీళ్ళు. ఇది మామూలు మోతాదేనని, నూనె అన్ని ప్రమాణాలకూ లోబడే ఉందని దర్యాప్తు చెప్పింది. గంటల తరబడి ఇంధనం మెల్లగా పారినప్పుడు ఆ మంచు గొట్టాల లోపలి గోడలకు అంటుకుంది. దిగేముందు ఇంధనం ఒక్కసారిగా ఉధృతంగా పారేసరికి ఊడొచ్చి, నూనెను వేడిచేసే పరికరం ముఖానికి అడ్డం పడింది. చల్లటి ఇంధనాన్ని ఇంజిన్ ఆయిల్ వేడితో వెచ్చబరచడానికి పెట్టిన పరికరమే అది. మంచును కరిగించాల్సిన చోటే మంచు దారి మూసింది.

ఇంకో సూక్ష్మం. ఈ మంచుకు అంటుకునే గుణం అన్ని చలుల్లోనూ ఉండదు. −5కూ −20కూ నడుమనే అది గోడల్ని పట్టుకుంటుంది. ఇంకా చల్లబడితే గట్టి గింజలై అంటకుండా కొట్టుకుపోతుంది. మరీ చలి కొంప ముంచలేదు, మధ్యస్థపు చలి ముంచింది.

ఇప్పుడు పాత ప్రశ్నకు వద్దాం. ఆ మంచు నూనెలో ముందే ఉన్నదా?

ఉన్నదంటుంది సాంఖ్యం. ఫలం తన కారణంలో అప్పటికే దాగి ఉంటుందని, పుట్టడమంటే బయటపడటమేనని ఈ వాదం. దీన్ని సత్కార్యవాదం అంటారు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో ఇందుకు అయిదు హేతువులున్నాయి. పండితులు చూపే పాత ఉదాహరణ నువ్వులు, ఇసుక. నువ్వుల్లో నూనె ఉంది గనుక గానుగ ఆడితే వస్తుంది, ఇసుకను ఎంత ఆడినా రాదు. విమానం విషయంలో ఈ వాదానికి మంచి బలమే ఉంది. మూడు లీటర్ల నీరు బీజింగ్‌లోనే ఉంది. చలి దాన్ని సృష్టించలేదు, బయటికి రప్పించింది.

న్యాయ వైశేషికులు ఒప్పుకోరు. మట్టిలో కుండ ఉంటే కుమ్మరి ఎందుకు? మట్టితో నీళ్ళెందుకు మోయలేకపోతున్నావు? కార్యం కొత్తదే, కారణాలు కూడాక మొదలైనదే అంటారు. వీళ్ళ మాటా కొట్టేయలేనిది. కరిగిన నీరు ఏ గొట్టాన్నీ మూయలేదు, ఏ ఇంజిన్‌నూ ఆపలేదు. మూసిన గుణం మంచుది. ఆ గుణం నీటిలో ఎక్కడ దాక్కుందో చూపించమంటే సాంఖ్యుడు తడబడతాడు. మైనం సంగతీ అంతే. అణువులు మొదటినుంచీ ఉన్నవే, స్ఫటికపు అమరిక మాత్రం చలి వచ్చాకే ఏర్పడింది.

ఇద్దరి మధ్య తీర్పు చెప్పకుండా పక్కకు జరిగిపోయే తెలివి పురాణానికి ఉంది. ఆ పురాణం పుట్టిల్లుగా జనం చెప్పుకునే ఊరు మార్కాపురం దగ్గరే ఉంది. శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. కథ అందరికీ తెలిసినదే గానీ ఒకసారి విమానాల కళ్ళతో చూడాలి. తారకాసురుడి కొడుకులు ముగ్గురు: తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి. మయుడు వాళ్ళకు మూడు పురాలు కట్టి ఇచ్చాడు, ఒకటి బంగారంతో, ఒకటి వెండితో, ఒకటి ఇనుముతో. మూడూ ఎక్కడ పడితే అక్కడికి తిరుగుతాయి. వరం ఏమిటంటే, వెయ్యేళ్ళకొకసారి మూడూ ఒకే వరసలోకి వచ్చిన క్షణంలో, ఒకే బాణంతో కొడితే తప్ప వాటికి చావు లేదు.

ఈ వరంలో ఒక చమత్కారం ఉంది. ఏ పురానికా పురం అభేద్యం. బంగారు పురంలో లోపం లేదు, ఇనుప పురంలో లోపం లేదు. లోపం వాటి కూడికలో ఉంది, అదీ ఒక్క క్షణం పాటు. భూమి రథం, సూర్యచంద్రులు చక్రాలు, మేరువు విల్లు, వాసుకి నారి, విష్ణువు బాణం అంటూ పురాణం ఎంత సరంజామా చెప్పినా, శివుడు చేసిన అసలు పని ఎదురుచూడటం. మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1990లో ప్రమాదాల గురించి చెప్పిన సిద్ధాంతం ప్రపంచమంతా పాఠంగా నడుస్తోంది. రక్షణ పొరలు ఎన్నో ఉంటాయి, ప్రతి పొరలోనూ చిల్లులుంటాయి, అన్నిటి చిల్లులూ ఒక్క వరసలోకి వచ్చినప్పుడు ప్రమాదం దూరిపోతుందని. స్విస్ చీజ్ ముక్కల బొమ్మ వేసి చెప్పాడు. త్రిపురాంతకం మెట్లెక్కే ముసలమ్మకు ఈ బొమ్మ గీసి చూపిస్తే ఇందులో కొత్తేముంది నాయనా అంటుంది.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ దర్యాప్తులో తేలిందీ ఇదే. సుమారు 1,75,000 విమాన ప్రయాణాల వివరాలు జల్లెడ పట్టారు. ఇంత చల్లటి నూనె కొన్నిటికి ఉంది. ప్రయాణంలో ఇంత మెల్లటి ఇంధన ప్రవాహం కొన్నిటికి ఉంది. దిగేటప్పుడు ఇంత ఉధృతమైన ప్రవాహం కొన్నిటికి ఉంది. మూడూ కలిసి వచ్చింది ఆ ఒక్క విమానానికే. నూనెది తప్పు కాదు, పైలట్లది కాదు, చలిది కాదు. పరికరం తయారుచేసినవాళ్ళు కూడా అప్పటి ప్రమాణాలన్నీ పాటించారు, ఇలాంటి మంచు గురించి ఆ ప్రమాణాలకే తెలియదు.

త్రిపురాంతకానికి కొద్ది దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున, దొనకొండ మండలంలో చందవరం ఉంది. సింగరకొండ మీద బౌద్ధ మహాస్తూపం. వేలూరి వెంకట కృష్ణశాస్త్రి 1964లో దీన్ని వెలుగులోకి తెచ్చారు, 1970ల్లో తవ్వకాలు జరిగాయి. అక్కడి సున్నపురాయి శిల్పం ఒకటి దొంగల చేతుల మీదుగా దేశాలు దాటి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొనుగోలు దాకా వెళ్ళింది. నిజం బయటపడ్డాక 2016లో వాళ్ళు భారతదేశానికి అప్పగించారు. అదే మండలంలో దొనకొండలో బ్రిటిష్ కాలపు విమానాశ్రయం ఉంది, రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు ఇంధనం నింపుకోవడానికి ఆగిన చోటు. అవి జెట్లు కావు, పెట్రోలుతో ఎగిరే పంఖా విమానాలు. స్తూపమూ, ఇంధనపు స్థావరమూ ఒకే మండలంలో ఉండటం యాదృచ్ఛికమే, దానికి అర్థాలు లాగనక్కరలేదు. కానీ ఆ స్తూపం ఏ మతానిదో ఆ మతంలోనే ఈ ప్రశ్నను అందరికంటే కఠినంగా పట్టుకున్న మనిషి పుట్టాడు. ఈ నేలకు ఉత్తరాన కృష్ణ ఒడ్డున ఒక కొండకు సంప్రదాయం ఆయన పేరే పెట్టుకుంది.

నాగార్జునుడి మూలమధ్యమకకారికలో 27 ప్రకరణాలున్నాయి. వస్తువు తనలోంచి పుట్టదు, పరాయిదానిలోంచి పుట్టదు, రెండింటిలోంచి పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు అని తేల్చడంతోనే గ్రంథం మొదలవుతుంది. ఇరవయ్యో ప్రకరణం సామగ్రీ పరీక్ష. కారణాలన్నీ కూడితే ఫలం వస్తుందని తేలిగ్గా అనేవాళ్ళను అక్కడ నిలదీస్తాడు. ఆ కూడికలో ఫలం ముందే ఉంటే మళ్ళీ పుట్టడమెందుకు? లేకపోతే, కారణాలు కానివాటి కూడికకూ దీనికీ తేడా ఏమిటి? సాంఖ్యుడికీ నైయాయికుడికీ ఒకే దెబ్బ. త్రిపురాల కథ చెప్పి తృప్తిపడినవాడికి కూడా తగిలే దెబ్బే.

అయితే నాగార్జునుడు కారణాలు లేవనలేదు. కారణానికి తనంతట తనకు ఫలాన్ని పుట్టించే సొంత సత్తా ఉందన్న నమ్మకాన్ని కొట్టాడు. నీరు తనంతట తాను అపాయం కాదు. చలి కాదు, గొట్టం కాదు. ఒకదాన్ని ఆసరా చేసుకుని ఇంకొకటి అలా అవుతుంది. దర్యాప్తు నివేదికలో ప్రమాదానికి "కారణం" అని వేలు పెట్టి చూపిన ఒకే వస్తువు కోసం వెతికితే దొరకదు. పరిస్థితుల వరస దొరుకుతుంది. రెండో శతాబ్దపు భిక్షువు ఈ కాగితాలు చదివితే సంతోషించేవాడా అంటే అనుమానమే. ఈ వరసను కూడా ఒక వస్తువుగా పట్టుకోవద్దని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఇక్కడ భయం ఒకటి లేస్తుంది. ఎవరిదీ తప్పు కాకపోతే ఎవరికీ బాధ్యత లేనట్టేనా? కర్మ అని చేతులు దులుపుకోవడానికీ దీనికీ తేడా ఏమిటి?

2009 సెప్టెంబరు 2న నల్లమలలో పావురాలగుట్ట మీద హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు చనిపోయినప్పుడు ఈ ప్రాంతమంతా నెలల తరబడి ఒకే ప్రశ్న అడిగింది: ఎవరు చేశారు? కొందరు కుట్ర అన్నారు, కొందరు విధి అన్నారు. విచారణ కమిటీ చెప్పింది వేరు. గేర్‌బాక్స్ నూనె పీడనం తగ్గిందన్న హెచ్చరిక, దాని అర్థం వెతకడంలో మునిగిపోయిన పైలట్లు, వాన మబ్బు, కిందికి తోసిన బలమైన గాలి. ఆ జవాబు చాలామందికి చాలినట్టు అనిపించలేదు. కుట్రకూ విధికీ ఉన్న సుఖం ఒకటే. రెండింటిలోనూ కారణం ఒక్కటి, అదీ ఒక చేతిలో ఉంటుంది, మనిషిదో దేవుడిదో.

కారణం పరిస్థితుల కూడిక అన్నప్పుడు ఆ సుఖం పోతుంది, బదులుగా ఇంకొకటి చేతికొస్తుంది. త్రిపురాల్లో ఏ ఒక్కటి వరస తప్పినా బాణం వృథా. అంటే ఎక్కడ తుంచినా వరస తెగుతుంది, తుంచే చోటు తప్పున్న చోటే కానక్కర్లేదు. చలిని మార్చలేరు. నూనెలోంచి ప్రతి బొట్టు నీరూ తీయలేరు. వేడిచేసే పరికరంలో గొట్టాల కొనలు కొన్ని మిల్లీమీటర్లు పైకి పొడుచుకొచ్చి మంచు ఆగడానికి తావిస్తున్నాయి. వాటిని చదును చేశారు. ఈలోపు పైలట్లకు ఒక పద్ధతి నేర్పారు: శక్తి తగ్గిపోతే ఇంకా కావాలని అడగొద్దు, ఇంధనాన్ని కనిష్ఠానికి తగ్గించండి. ప్రవాహం తగ్గితే వేడి ఆయిల్‌కు మంచును కరిగించే వ్యవధి దొరుకుతుంది. 2008 నవంబరు 26న షాంఘై నుంచి అట్లాంటాకు వెళుతున్న డెల్టా విమానంలో, అమెరికాలోని మోంటానా మీద, ఒక ఇంజిన్ అచ్చం ఇలాగే వెనక్కి తగ్గింది. పైలట్లు నేర్చుకున్న ప్రకారం థ్రాటిల్ వెనక్కి లాగారు. ఇంజిన్ కోలుకుంది. అది కూడా ఆ రకం ఇంజిన్లున్న బోయింగ్ 777నే. విమానం అట్లాంటాలో మామూలుగా దిగింది.

ఈ దృష్టితో పశ్చిమ ప్రకాశం నీళ్ళను చూస్తే కడుపులో దేవినట్టవుతుంది. ఇక్కడా తేటగా కనిపించే ద్రవంలో కంటికి ఆనని పదార్థం కరిగి ఉంది, ఫ్లోరైడు. 1930ల్లో అప్పటి నెల్లూరు జిల్లా రైతులు ఎద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడం గమనించారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఆ జిల్లా మనుషుల్లోని జబ్బు గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఫ్లోరోసిస్ మీద దేశంలో వెలువడిన తొలి వ్యాసాల్లో అదొకటి. కనిగిరి, పొదిలి, దర్శి ఆనాడు నెల్లూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం) ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి.

తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. దానికి రంగు లేదు, వాసన లేదు. నీళ్ళు కాచి చల్లార్చుకుంటే పోతుందనుకునేవాళ్ళున్నారు. పోదు సరికదా, మరిగిన కొద్దీ నీరు తగ్గి మిగిలినదానిలో దాని గాఢత పెరుగుతుంది. రాతిలో ఫ్లోరైడు ఉంటే చాలదు. నీటిలో కాల్షియం తక్కువై ఉండాలి, వానలు తప్పి బోర్లు లోతుకు పోవాలి, ఆ నీరు రాతితో ఏళ్ళ తరబడి ఒరుసుకుని ఉండాలి. తినే తిండిలో పాలు, ఆకుకూరలు కొరవడితే ఒంట్లో దాని దెబ్బ పెరుగుతుంది. ఆపైన ఎండ. 44 డిగ్రీల్లో మట్టిపని చేసే మనిషి చల్లటి దేశపు మనిషికంటే ఎన్నో రెట్లు నీరు తాగుతాడు, ఆ నీటితో పాటే విషమూ. విమానంలో చలి చేసిన పనిని ఇక్కడ వేడి చేస్తుంది.

నడుం వంగిపోయిన మనిషి అడిగే ప్రశ్న ఒక్కటే: మాకే ఎందుకు? పక్కింటివాళ్ళూ అదే బోరు నీళ్ళు తాగారు కదా. పూర్వజన్మ పాపం అన్న జవాబు ఈ ప్రశ్నకే పుట్టింది. ఆ జవాబును వెక్కిరించడం తేలిక. దాని వెనకున్న ఖాళీ ఎవరిదో చూడటం కష్టం. హీత్రూ విమానానికి కూడా ఇదే ప్రశ్న వేశారు: ఇన్ని విమానాలుండగా దీనికే ఎందుకు? 1,75,000 ప్రయాణాల్లో ప్రతి క్షణపు ఉష్ణోగ్రతా, ప్రవాహమూ నమోదై ఉన్నాయి కాబట్టి దానికి జవాబు దొరికింది. కనిగిరి వైపు ఒక ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఏ బోరు నీళ్ళు తాగారు, ఎన్ని అడుగుల లోతుది, ఎండాకాలం రోజుకు ఎన్ని చెంబులు, ఇంట్లో పాడి ఎప్పటిదాకా ఉంది, కరువులో ఏ ఏడు అమ్ముకున్నారు అన్న లెక్క ఇంటివాళ్ళ జ్ఞాపకంలో తప్ప ఏ రిజిస్టరులోనూ కలిపి రాసి లేదు. బోరు లోతు ఒక ఆఫీసులో, నీటి పరీక్ష ఇంకో ఆఫీసులో, ఎక్స్‌రే ఆసుపత్రిలో, పాల లెక్క ఇల్లాలి నోట్లో ఉంటాయి.